కుర్చీ ఆదాయంపై కమిషన్ లేని ఒప్పందం: ఒక టాటూ ఆర్టిస్టుతో మూడేళ్లు

టాలెంట్ మేనేజ్‌మెంట్ వృత్తిలో పదకొండేళ్లుగా ఉన్నాను. నటులు, యాంకర్లు, ఇద్దరు ముగ్గురు కొరియోగ్రాఫర్ల వ్యవహారాలు చూస్తూ వచ్చిన నేను 2022 జూన్‌లో మొదటిసారి ఒక టాటూ ఆర్టిస్టును క్లయింటుగా తీసుకున్నాను. ఆమె పేరు గానీ స్టూడియో పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. మిగిలిన వివరాలన్నీ ఆమె చదివి, రాయవచ్చునని ఒప్పుకున్నవే.

టాటూ ఆర్టిస్టులు మన వృత్తికి తగిన క్లయింట్లేనా అని ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచుగా అడుగుతున్నారు. తగినవారేనని నా గట్టి అభిప్రాయం. అయితే నటుడి కోసం తయారుచేసిన ఒప్పందపత్రంలో పేరు మార్చి టాటూ ఆర్టిస్టు చేత సంతకం చేయిస్తే ఇద్దరూ నష్టపోతారు. నటుడి విషయంలో మనం కాల్షీట్లు అమ్ముతాం. టాటూ ఆర్టిస్టు తన కాల్షీట్లను తానే అమ్ముకుంటుంది, అదీ మనకంటే బాగా అమ్ముకుంటుంది. మనం చూడవలసింది కుర్చీకి, అంటే కస్టమరును కూర్చోబెట్టి టాటూ వేసి సంపాదించే పనికి, బయట ఉన్న ఆస్తిని, అంటే ఆమె గీసిన బొమ్మలను, ఆమె పేరును, ఆ రెండింటికీ ఆధారమైన చేతిని. ఈ తేడాను నేను గ్రహించడానికి ఆరు నెలలు పట్టింది, ఆ ఆరు నెలల ఖర్చు ఆమె మణికట్టు భరించింది.

క్లయింటు, ఆమె పని

ఆమెది హనుమకొండ. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో పెయింటింగ్ చదివింది. నగరంలోని ఒక స్టూడియోలో నాలుగేళ్లు పర్సంటేజీ మీద పనిచేసి, 2021లో సైనిక్‌పురిలో రెండు కుర్చీలతో సొంత స్టూడియో తెరిచింది. చేర్యాల నకాషీ పటాల్లో, అంటే గుడ్డ మీద గీసే సంప్రదాయ చిత్రాల్లో, కనిపించే పెద్ద కళ్లు, బలమైన అంచు గీతలు, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ వదలని అల్లిక ఆమె టాటూల్లో నల్ల సిరా గీతలుగా మారతాయి. అలాంటి గీత నగరంలో నేను మరెక్కడా చూడలేదు.

ఒప్పందం మాట ఎత్తకముందు ఒక పూట స్టూడియోలో కూర్చుని పని చూశాను. ఒక యువకుడి ముంజేతి మీద గుర్రం బొమ్మ వేయాలి. రేజరుతో వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఊదారంగు స్టెన్సిల్ కాగితాన్ని అద్ది తీసింది. తర్వాత అతన్ని లేచి అద్దం ముందు నిలబడమంది. చెయ్యి కిందికి వదిలితే గుర్రం కాళ్లు కొద్దిగా మెలితిరిగాయి. తుడిచి మళ్లీ అద్దింది. మూడోసారి గానీ ఆమెకు తృప్తి కలగలేదు. "గీత పడినంక చెరిపేది లేదన్నా. స్టెన్సిల్ అయితే స్పిరిట్‌తో పోతది" అంది నా వైపు చూడకుండానే. ఈమె పని చూడాలని నేను అప్పుడే నిశ్చయించుకున్నాను.

స్టూడియో గోడ మీద ఒక్కటే ఫోటో ఉంది. అది ఆమె నాయనమ్మ ముంజేయి. ములుగు దగ్గరి పల్లెలో ఎన్నో ఏళ్ల కింద ఒక ఎరుకల స్త్రీ మసిలో ఆకు పసరు కలిపి, సూదులతో పొడిచిన పచ్చబొట్టు అది. తోక పైకెత్తిన తేలు, చుట్టూ చుక్కలు. చర్మం ముడతలు పడి, సిరా చెదిరి, ఆకుపచ్చగా పాలిపోయినా తేలు తేలుగానే ఉంది. ఆమె గీయడం నేర్చుకున్న మొదటి బొమ్మ అదే. ఆ తేలు ఈ కేసులో మళ్లీ వస్తుంది.

ఒక టాటూ ఆర్టిస్టును తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఫాలోవర్ల సంఖ్య ఎంతమాత్రం చాలదు. అప్పుడే వేసిన టాటూ ఫోటోలో ఎవరి పనైనా నిగనిగలాడుతుంది. ఏడాది, రెండేళ్ల కింద వేసి మానిన టాటూల ఫోటోలు అడగండి. గీత చెదరకుండా నిలిచిందా, నలుపు బూడిదరంగులోకి దిగిందా అన్నది అక్కడ తెలుస్తుంది. స్కెచ్ పుస్తకాలు అడగండి. కస్టమర్లు తెచ్చిన ఫోన్ బొమ్మలను దించడం తప్ప సొంతంగా గీసినవి లేకపోతే, మనం లైసెన్సు ఇప్పించడానికి, అంటే బొమ్మను వాడుకునే అనుమతిని డబ్బుకు ఇప్పించడానికి, అక్కడ ఏమీ లేనట్లే. ఆపైన శుభ్రత చూడాలి. సూది కార్ట్రిడ్జులు ప్యాకెట్టు మనిషి ముందే విప్పి, ఒక్కసారి వాడి పారేస్తున్నారా? వాడిన సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాలో పడుతున్నాయా? ఆ డబ్బాను వైద్య వ్యర్థాలు తీసుకెళ్లేవారికి అప్పగిస్తున్నారా, మామూలు చెత్తలో కలుపుతున్నారా? మెషిన్‌కు స్టీలు గ్రిప్పులు (పిడులు) వాడితే, వాటి మీది క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ ఉందా? హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ వంటివి సూది ద్వారా సోకే వృత్తి ఇది. ఒక్క మనిషికి జబ్బు సోకినా కళాకారిణి పేరుతో పాటు మన పేరూ పోతుంది. అంతకంటే ముఖ్యంగా ఒక మనిషి ఆరోగ్యం పోతుంది. ఈ విషయంలో మా క్లయింటు దగ్గర వెతికినా లోపం కనిపించలేదు.

లోపం లెక్కల్లో కనిపించింది. నెలకు సుమారు 20 సిట్టింగులు, సిట్టింగుకు సగటున 9,000 రూపాయలు. అంటే ఏడాదికి 21 లక్షల పైచిలుకు. సేవలు అందించేవారికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా మొదటి పని ఆడిటరు దగ్గరికి వెళ్లడమే అయింది.

క్యాలెండరు నింపిన ఆరు నెలలు

మొదటి ఒప్పందం నా పాత నమూనాలోనే రాశాను. ఆమెకు వచ్చే మొత్తం ఆదాయంలో 20 శాతం నా కమిషన్, కుర్చీ ఆదాయం కూడా అందులో భాగమే. నటుల దగ్గర ఇది మామూలే కాబట్టి ఆమె అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ తర్వాత నేను చేసినదంతా ఆ ఒప్పందం నన్ను తోసిన దారిలోనే సాగింది. బుకింగులకు ఒక మనిషిని పెట్టాను, రీల్స్ పెంచాను, శని ఆదివారాల్లో చిన్న టాటూల కోసం వాక్-ఇన్లు, అంటే బుకింగ్ లేకుండా నేరుగా వచ్చేవారికి వేయడం, మొదలుపెట్టించాను. నాలుగో నెలకల్లా సిట్టింగులు 34 అయ్యాయి. ఆదాయం పట్టిక చూసి మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. నవంబరులో ఒక రాత్రి ఆమె ఫోన్ చేసింది. "అన్నా, పొద్దుగూకేసరికి చెయ్యి తిమ్మిరెక్కుతున్నది. గీత గుంజితే వణుకుతున్నది" అంది. అదే వారంలో ఇద్దరు కస్టమర్లు తిరిగి వచ్చారు. వారి టాటూల అంచుల్లో సిరా మసకగా పాకింది. సూది చర్మం కిందికి ఒకటి, రెండు మిల్లీమీటర్లకు మించి దిగితే సిరా నిలవక పక్కలకు వ్యాపిస్తుంది. ఆ వృత్తిలో దీన్ని బ్లోఅవుట్ అంటారు. ఆమె చేతిలో అంతకుముందు అలా జరగలేదు.

ఎముకల డాక్టరు నరాల పరీక్ష చేయించి, మణికట్టు దగ్గర నరం ఒత్తిడికి గురవుతోందని, ఇది తొలిదశ కాబట్టి మూడు వారాలు మెషిన్ ముట్టకుండా ఉంటే సర్దుకుంటుందని చెప్పారు. గంటల తరబడి కంపించే మెషిన్‌ను ఒకే కోణంలో పట్టుకుని, మరో చేత్తో చర్మాన్ని లాగి పట్టుకుని, మెడ వంచి కూర్చునే పని అది. గాయకుడికి గొంతు ఎలాంటిదో వీరికి మణికట్టు అలాంటిది. ఆ విషయం తెలిసి ఉండవలసిన నేను ఆ మణికట్టు మీదే నా ఆదాయాన్ని లెక్కగట్టాను.

ఆ మూడు వారాల్లో తీరిగ్గా లెక్క వేసుకుంటే తప్పు ఎక్కడుందో స్పష్టంగా కనిపించింది. నటుడి పారితోషికం, మార్కెట్ పెరిగితే, అవే 30 రోజుల కాల్షీటుకు పదింతలు కావచ్చు. అక్కడ మేనేజరు కష్టం ధరను పెంచుతుంది. టాటూ కుర్చీలో ధర కొంతవరకే పెరుగుతుంది, ఆపైన పెరగాలంటే గంటలే పెరగాలి. కుర్చీ ఆదాయంలో వాటా తీసుకునే మేనేజరు, ఎంత మంచివాడైనా, ఆ కళాకారిణి గంటలు పెరగాలనే కోరుకుంటాడు. ఆమెకు మేలు చేసేదీ నాకు లాభం తెచ్చేదీ ఒప్పందంలోనే ఎదురెదురుగా నిలబడ్డాయి. మంచితనంతో సర్దుకునే విషయం కాదది, కాగితం మీదే మార్చాలి.

2023 జనవరిలో ఒప్పందం తిరగరాశాం. కుర్చీ ఆదాయం మీద నాకు కమిషన్ లేదు. నేను కొత్తగా తెచ్చే పనుల మీద, అంటే బొమ్మల లైసెన్సులు, సినిమా, ఓటీటీ పనులు, వర్క్‌షాపులు, బ్రాండు ఒప్పందాల మీద 15 శాతం. నేను తీసుకొచ్చినా కుర్చీలో కూర్చునే మనిషి కుర్చీ ఆదాయం కిందికే వస్తాడు. బుకింగులు చూసే అమ్మాయికి స్టూడియోనే జీతం ఇస్తుంది, సిట్టింగుల సంఖ్య మీద ఆమెకు ఇన్సెంటివ్ ఉండదు. అంతకుముందు ఆరు నెలల్లో కుర్చీ మీద తీసుకున్న కమిషన్‌ను ఆ మూడు వారాల విరామానికి పరిహారంగా తిరిగి ఇచ్చాను.

కుర్చీ విషయంలో సలహా మాత్రం ఇచ్చాను. వారంలో మూడు రోజులే మెషిన్. రోజుకు ఒక్కరే. సిట్టింగు ధర 15,000. నెలకు 12 సిట్టింగులు. 20 సిట్టింగులను 9,000తో హెచ్చవేసినా, 12 సిట్టింగులను 15,000తో హెచ్చవేసినా వచ్చేది ఒకే లక్షా ఎనభై వేలు. ధర పెంచితే జనం రారేమోనని ఆమె భయపడింది. వాక్-ఇన్లు పోయాయి, నిజమే. కానీ ఆమె గీత కోసమే వచ్చేవారు నిలిచారు. బుకింగుకు తిరిగివ్వని అడ్వాన్సు పెట్టడంతో, చెప్పి రానివారి సంఖ్య దాదాపు లేకుండా పోయింది. ఎదురుచూసే జాబితా మొదట మూడు వారాలు, తర్వాత రెండు నెలలు అయింది.

బొమ్మ ఎవరిది

2023 ఆగస్టులో ఒక కస్టమరు తన ఫోన్లో ఫోటో చూపించాడు. ఒక షాపింగ్ మాల్‌లో వేలాడుతున్న టీషర్టు మీద ఆమె గీసిన నెమలి ఉంది. వెళ్లి చూస్తే నెమలితో పాటు మరో ఐదు బొమ్మలు ఉన్నాయి. ఆరోది నాయనమ్మ తేలు. ఆ టీషర్టును చేతిలోకి తీసుకుని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నాయనమ్మ చెయ్యిని అంగట్ల పెట్టిన్రు" అని మాత్రం అంది.

విచారిస్తే తేలింది ఇది. స్టూడియో తెరిచిన కొత్తలో, 2021 డిసెంబరులో, ఒక బట్టల సంస్థ ఆరు బొమ్మలను వాట్సాప్‌లో తెప్పించుకుని 12,000 రూపాయలు యూపీఐలో పంపింది. వివరం దగ్గర "డిజైన్స్" అని రాసి ఉంది. అంతకుమించి ఏ కాగితమూ లేదు. డబ్బు ఇచ్చాం కాబట్టి బొమ్మలు మావేనని వారి వాదన. మా న్యాయవాది చూపించిన దారి సూటిగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉండాలి. సంతకం లేని యూపీఐ వివరం బదిలీ కాదు. ఆ బొమ్మలు ఆమె ఎప్పుడో తన పుస్తకంలో గీసుకున్నవే తప్ప ఆ సంస్థ కోరి గీయించుకున్నవి కావు. నోటీసు వెళ్లింది, రెండు విడతలు మాట్లాడుకున్నాం, కోర్టు దాకా పోలేదు. ఐదు బొమ్మల సరుకును ఆరు వారాల్లో అమ్ముకోవచ్చు, అమ్మిన ప్రతి దాని మీద రాయల్టీ ఇవ్వాలి, తేలు ఉన్న టీషర్టులను వెంటనే దించేయాలి అన్నది పరిష్కారం. డబ్బు పెద్దగా రాలేదు. తేలు మాత్రం అంగట్లోంచి దిగింది.

ఈ సంఘటన తర్వాత ఆమె ప్రతి పనికీ హక్కుల లెక్క వేయడం మొదలుపెట్టాం. అక్కడ నేను ఊహించని చిక్కు ఒకటి ఎదురైంది. టాటూ కాపీరైట్ గురించి మాట్లాడేవారు ఎక్కువగా అమెరికా కేసులు చెబుతారు. బాక్సర్ మైక్ టైసన్ ముఖం మీద 2003లో టాటూ వేసిన విట్‌మిల్, ఆ టాటూను ఒక హాస్య చిత్రంలో మరో నటుడి ముఖం మీద వేశారని 2011లో సినిమా సంస్థ వార్నర్ బ్రదర్స్ మీద దావా వేశాడు. సినిమా విడుదలను ఆపడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు గానీ అతని వాదనకు బలం ఉందని అన్నారు, తర్వాత ఇరుపక్షాలు రాజీపడ్డాయి. ఆ వాదనకు బలం ఇచ్చినది, ఆ బొమ్మ హక్కులు విట్‌మిల్ టాటూ స్టూడియోవేనని టైసన్ ముందే సంతకం చేసిన కాగితం. 2020లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల టాటూలు వీడియో గేములో కనిపించిన కేసులో న్యూయార్క్ కోర్టు గేము సంస్థ పక్షాన తీర్పిచ్చింది. టాటూ వేయించుకున్న ఆటగాడికి తన రూపాన్ని చూపించుకునేందుకు అనుమతి ఉన్నట్టేనని, ఆ అనుమతి గేము సంస్థకూ చేరిందని దాని భావం. 2022లో రెస్లర్ ర్యాండీ ఆర్టన్ టాటూలు వీడియో గేముల్లో కనిపించిన విషయంలో ఇలినాయ్ జ్యూరీ టాటూ ఆర్టిస్టు పక్షాన నిలిచి 3,750 డాలర్లు ఇవ్వాలంది. న్యాయాన్యాయాల సంగతి అటుంచితే, ఆ మొత్తం లాయర్ల టీ ఖర్చుకైనా చాలదు.

ఇవన్నీ తెలిసి ఉండటం మంచిదే. కానీ మన చట్టంలోని 17వ సెక్షన్ వేరే మాట చెబుతుంది. ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి, తాము కోరి గీయించుకున్న చిత్రానికి లేదా చిత్తరువుకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, గీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. టాటూ ఈ మాట కిందికి వస్తుందా రాదా అన్న వాదనకు దిగడం మేనేజరు పని కాదు. "వేరే ఒప్పందం ఏదీ లేకపోతే" అన్న నాలుగు మాటలను చూసి ఒప్పందం రాయించడమే మేనేజరు పని. కస్టమర్లందరూ అలర్జీలు, మధుమేహం, రక్తం పలచబరిచే మందుల వివరాలు నింపే కాగితంలోనే రెండు వాక్యాలు తెలుగులో చేర్చాం. బొమ్మ మీద హక్కు కళాకారిణిది. దాన్ని ఒంటిమీద జీవితాంతం ధరించడానికి, ఆ ఒంటితో ఫోటోల్లో, వీడియోల్లో, సినిమాల్లో, ప్రకటనల్లో కనిపించడానికి కస్టమరుకు పూర్తి స్వేచ్ఛ ఉంది, బొమ్మను వేరుచేసి వస్తువుల మీద ముద్రించడానికి మాత్రం లేదు. రెండో వాక్యం విషయంలో ఆమె గట్టిగా పట్టుబట్టింది. "మనిషి ఒళ్లు మనిషిదే అన్నా" అన్న ఆమె మాటకు నేను ఎదురు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు.

సొంతంగా గీసుకున్న బొమ్మలను, అంటే ఫ్లాష్ షీట్లను, ఏరి 14 బొమ్మలకు కాపీరైట్ నమోదు చేయించాం. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది, తగవు వచ్చినప్పుడు నమోదు పత్రం చేతిలో ఉంటే మాట త్వరగా తెగుతుంది. కళాకృతికి ఫీజు 500 రూపాయలు, సరుకుల మీద వాడేదైతే 2,000. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. బట్టల మీదికి పోయే బొమ్మలకు ఇంకొక జాగ్రత్త కావాలి. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి ముద్రిస్తే కాపీరైట్ నిలవదని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఏ బొమ్మ ఏ చట్టం కిందికి వస్తుందన్నది సూక్ష్మమైన విషయం. బట్టల లైసెన్సు మీద సంతకం పెట్టకముందే న్యాయవాదికి చూపించండి, తర్వాత చూపించి లాభం లేదు.

ఓటీటీ ఒప్పందం

2024లో ఒక వెబ్ సిరీస్ వారు కథానాయకుడి వీపు మీద పెద్ద టాటూ కావాలని వచ్చారు. నిజమైనది కాదు, షూటింగు రోజుల్లో అద్దడానికి ట్రాన్స్‌ఫర్ షీట్లు. ఇలాంటి పనిలో బొమ్మ గీయడం సగమే. ప్రతి షెడ్యూల్లో అదే చోట, అదే కోణంలో అద్దాలి, లేకపోతే రెండు షాట్ల మధ్య టాటూ నడుముకు జారినట్టు కనిపిస్తుంది. ఆమె నటుడి వీపు మీద మెడ ఎముక నుంచి కొలత తీసుకుని, నాలుగు పుట్టుమచ్చలను గుర్తులుగా పెట్టుకుని ఒక పారదర్శక కాగితం తయారుచేసింది. మేకప్ బృందం ఆమె లేని రోజుల్లోనూ ఆ కాగితంతోనే పని నడిపింది.

వారు పంపిన పత్రంలో బొమ్మ మీద సమస్త హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, సంస్థవే. ఫీజు 60,000. మేము రెండు విషయాలు అడిగాం. సిరీస్‌లోనూ దాని ప్రచారంలోనూ ఎంతకాలమైనా వాడుకోవచ్చు, టీషర్టులూ పోస్టర్లూ లాంటి సరుకులకు వేరే రాయల్టీ ఉండాలి. టైటిల్స్‌లో టాటూ డిజైన్ అని ఆమె పేరు పడాలి. పేరు విషయంలో వారు తటపటాయించారు. హక్కులు బదిలీ అయినా తన పని తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద సృష్టికర్త దగ్గరే ఉంటుందని గుర్తుచేశాక ఒప్పుకున్నారు. కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం చెబుతుంది. అందుకే అవతలివారి పత్రాల్లో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న మాటలు ఎప్పుడూ మొదటి పేజీలోనే ఉంటాయి. చివరికి 90,000 రూపాయలు, సరుకుల మీద వేరే రాయల్టీ, టైటిల్స్‌లో పేరు. ఆ ఒక్క పని ఆమెకు ఆరు సిట్టింగుల డబ్బు ఇచ్చింది, మణికట్టుకు రెండు రోజుల శ్రమే ఇచ్చింది.

వద్దన్నవి

ఒక నటుడు ఉచితంగా టాటూ వేస్తే పోస్టు పెడతానన్నాడు. వద్దన్నాం. మూడు రోజుల మెషిన్ పనిలో ఒక రోజు ఇచ్చేస్తే ఎదురుచూసే జాబితాలో ఉన్న మనిషి వెనక్కి పోతాడు. టాటూ నొప్పి తెలియకుండా రాసే తిమ్మిరి క్రీముల సంస్థ ఒకటి ఏడాదికి నాలుగు లక్షలు ఇస్తామంది. అది ఆమె ఏడాది సంపాదనలో చిన్న మొత్తం కాదు. తిమ్మిరి కలిగించే లిడోకైన్ అధిక మోతాదులో ఉన్న పైపూత మందులను టాటూలకు ముందు వాడవద్దని 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎక్కువ చర్మం మీద, ఎక్కువసేపు రాస్తే గుండె లయ తప్పడం, మూర్ఛలు కూడా రావచ్చని ఆ హెచ్చరికలో ఉంది. క్రీము డబ్బా మీద మోతాదు స్పష్టంగా లేదు. నేను ఆ హెచ్చరికను ఆమెకు పంపి నిర్ణయం ఆమెకే వదిలాను. ఐదు నిమిషాల్లో వద్దని జవాబు వచ్చింది. నా 15 శాతం, అరవై వేలు, దానితోనే పోయింది. సరైన నిర్ణయమే.

పేరు, చేర్యాల

టాటూ ఆర్టిస్టు పేరు పెద్దదయ్యాక దాన్ని ఎవరికి ఎంత ఇవ్వాలన్నది బొమ్మల హక్కుల కంటే కఠినమైన ప్రశ్న. జపాన్ వెళ్లి ఆ దేశపు సంప్రదాయ టాటూ నేర్చుకుని, అమెరికాలో టాటూకు కళగా గౌరవం తెచ్చినవారిలో డాన్ ఎడ్ హార్డీ ముందువరుసలో ఉంటాడు. 2000ల తొలి ఏళ్లలో ఆయన బొమ్మలకు, పేరుకు బట్టల లైసెన్సు ఇచ్చాడు. కొద్ది ఏళ్లలో ఆ పేరు టోపీల నుంచి అత్తర్ల దాకా అన్నిటి మీదా కనిపించింది, అక్కడి యువతరానికి ఎడ్ హార్డీ అంటే మెరుపుల టీషర్టే తప్ప ఒక చిత్రకారుడని తెలియని పరిస్థితి వచ్చింది. అమెరికా టాటూ ఆర్టిస్టు క్యాట్ వాన్ డీ 2008లో తన పేరుతో సౌందర్య సాధనాలు తెచ్చి, 2020లో వాటాలు అమ్మేసింది. ఆ తర్వాత కంపెనీయే పేరు మార్చుకోవలసి వచ్చింది. పేరును వ్యాపారంలో పూర్తిగా కలిపేస్తే విడదీసేటప్పుడు ఎవరికో ఒకరికి గాయం తప్పదు. అందుకే మా క్లయింటు లైసెన్సుల్లో ఆమె పేరు వేరు, బొమ్మ వేరు. బొమ్మకు ఇచ్చిన అనుమతి పేరుకు ఇచ్చినట్టు కాదు, ప్రతి లైసెన్సుకు మూడేళ్ల గడువు, సరుకు నమూనా ఆమె చూసి ఒప్పుకున్నాకే ముద్రణ.

చేర్యాల సంగతి ఇంకా లోతైనది. ఒక ఇంటి అలంకరణ సంస్థ ఆమె బొమ్మలతో దిండు గలీబులు చేసి "చేర్యాల కలెక్షన్" అని అమ్ముతామంది. చేర్యాల పటాలకు, ఒక ప్రాంతపు సరుకు పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, ఆ పేరు తరతరాలుగా ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి పటం కట్టే నకాషీ కుటుంబాలది. మా క్లయింటు ఆ శైలిని ప్రేమతో నేర్చుకుంది, కానీ ఆమె ఆ కుటుంబాల మనిషి కాదు. ఇద్దరం చేర్యాలకు వెళ్లి, కళాశాల రోజుల్లో ఆమెకు గీత దిద్దించిన పెద్దాయన దగ్గర కూర్చున్నాం. ఆయన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసి, రెండింటి దగ్గర ఆగి, "ఈ రెండు మావి తల్లీ, మిగతావి నీవి" అన్నారు. ఆ రెండూ పటాల్లో వచ్చే పాత్రలను దాదాపు ఉన్నదున్నట్టు దించినవి. అవి లైసెన్సు నుంచి తీసేశాం. చేర్యాల అన్న పేరు సరుకు మీద రాలేదు. ఆయన దిద్దిన గీతకు ప్రతిఫలంగా ఆ లైసెన్సు రాయల్టీలో పదో వంతు ఆయన ఖాతాకు పోతుంది. ఆయన అడగలేదు, ఆమె పెట్టిన షరతు అది.

మూడేళ్ల తర్వాత

2025 జూన్‌లో లెక్క చూసుకుంటే కుర్చీ ఆదాయం మొదట్లో ఉన్నంతే ఉంది. లైసెన్సులు, తెర మీది పనులు, ఏడాదికి నాలుగు వర్క్‌షాపులు కలిపి అందులో సగానికి కొంచెం తక్కువ అదనంగా వచ్చింది. నా ఆదాయం పాత పద్ధతిలో వచ్చే దానికంటే తక్కువే. మొదటి రెండేళ్లు ఇది గిట్టుబాటు కాదని ఈ రకం క్లయింటును తీసుకునే మేనేజరు ముందే తెలుసుకోవాలి. మూడో ఏడు నుంచి పాత లైసెన్సుల రాయల్టీ కొత్త శ్రమ లేకుండా వస్తుంది, అప్పుడు గానీ లెక్క సరిపోదు. ఇద్దరు నటులను చూసుకుంటూ ఒక టాటూ ఆర్టిస్టును తీసుకోవచ్చు, ఐదుగురు టాటూ ఆర్టిస్టులతో మాత్రమే ఆఫీసు నడపడం ఇప్పటి మన మార్కెట్లో కష్టం.

ఒప్పందం పొడిగింపు పత్రం తయారుచేసి స్టూడియోకు తీసుకెళ్లాను. చివర అనుబంధంలో నేను లైసెన్సుకు ఇవ్వదగిన బొమ్మల జాబితా ఉంది, మొత్తం 31. ఆమె ఒక్కొక్కటీ చదివి, తొమ్మిదో నంబరు దగ్గర ఆగి, పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసింది. ఆ పేజీ కింద తన చేత్తో ఒక వాక్యం రాసి, పక్కన సంతకం చేసి, నన్నూ చేయమంది. "తేలు బొమ్మ ఎవరికీ, ఏ ధరకూ, మా తరవాతి వారి చేత కూడా ఇవ్వబడదు." న్యాయవాది భాష కొంచెం సవరించాలన్నారు. మేం సవరించలేదు.